టీవీలో అరుణ చెప్పని మాట

అరుణ గురించి టీవీలో గంటసేపు చూపించారు. ఆ గంటలో అరుణ పరుగెత్తింది, అరిచింది, పిల్లల మోకాళ్లకు మందు రాసింది, నవ్వమన్నచోట నవ్వింది. అంతా బాగానే ఉంది. చెదిరిపోయిన జట్టు మళ్లీ ఎలా నిలబడిందన్న ఒక్క సంగతే తప్పు. అది కూడా ఆమె నోటితోనే చెప్పించారు. నేను మూడో తరగతిలో బడి మానేసినదాన్ని. అయినా ఆ పిల్ల సంగతి నాకు తెలిసినంత ఏ కెమెరాకూ తెలియదు.

అరుణ తండ్రి భిక్షం మా ఇబ్రహీంపట్నం పక్క క్వారీలో బండలు కొట్టేవాడు. తల్లి ఈదమ్మ నాట్లకూ కలుపుకూ కూలికి పోయేది. పిల్ల పుట్టినప్పటి నుంచీ ఒకచోట నిలిచేది కాదట. అన్నం నడుస్తూ తినేది, పాఠం కిటికీ దగ్గర నిలబడి వినేది. బడిలో కబడ్డీ ఆడుతుంటే చూసి, పదమూడో ఏట ఒక సారు ఆటల హాస్టల్లో చేర్పించాడు. అక్కడ మొదటిసారి రగ్బీ బంతి చేతిలో పెడితే, "గుండ్రంగ లేదేంది సార్, దీని మీద ఎవలన్న కూసున్నరా?" అని అడిగిందట.

ఆ ఆట తీరు నాకూ అరుణే చెప్పింది. బంతి పట్టుకుని ముందుకు ఉరకాలి. తోటివాళ్లకు చేత్తో అందించాలంటే మాత్రం వెనక్కే వెయ్యాలి. ఎదుటివాళ్లు నడుము పట్టి కింద పడేస్తారు. "ఇదేం ఆటనే, ముందుకు పోవుడు, ఎన్కకు ఇచ్చుడు?" అన్నాను. "ఆడితే తెలుస్తది, లే అవ్వా" అని చెయ్యి పట్టి గుంజింది. నా మోకాళ్లు చూసి వదిలేసింది.

రాష్ట్రం తరఫున రెండుసార్లు ఆడింది. మూడోసారి పోయిన ఊళ్లో, క్యాంపులో, మెడకింది ఎముక విరిగింది. ప్రాక్టీసులో విరిగిందని రాస్తే దవాఖాన బాధ్యత తమ మీద పడుతుందని, స్నానాల గది దగ్గర జారిపడ్డానని కాగితం రాసి ఇమ్మన్నారు అక్కడివాళ్లు. పంతొమ్మిదేళ్ల పిల్ల, ఊరుగాని ఊరు. రాసిచ్చింది. ఇప్పటికీ ఆ కాగితం మాటెత్తితే కూర్చున్నచోటి నుంచి లేచి బయటికి పోతుంది.

తర్వాత హయత్‌నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరైంది. పొద్దున్నే మా ఊరి పక్కన దున్నక పడావు పడ్డ చేలో కూలివాళ్ల ఆడపిల్లలను పోగుచేసి జట్టు కట్టింది. పద్నాలుగు మంది. జిల్లా పోటీలో గెలిచారు కూడా. అంతలో రింగు రోడ్డు వచ్చింది. భూమి కొనేవాళ్లు మందలు మందలుగా దిగారు. ఆ చేను శ్రీశైలం అనే ఆసామి కొని, ప్లాట్లు కొట్టి, దారిలో రంగురంగుల గేటు ఒకటి నిలబెట్టాడు. చుట్టూ గోడ లేదు గానీ గేటు మాత్రం ఉంది. చేనంతా హద్దు రాళ్లు. ఆట ఆగిపోయింది. పిల్లలు తలా ఒక దిక్కు పోయారు. ఒకతె బట్టల షోరూములో చేరింది, ఇద్దరు తుక్కుగూడ దగ్గర ప్యాకింగు పనికి పోయారు.

ఆ వెంచరుకు కాపలా నేనే. గేటు పక్కన రేకుల గది, నెలకింత జీతం.

ఏడాదిన్నర గడిచాక ఒక తెల్లవారి చూద్దును గదా, ఎవతో రాళ్ల మధ్య అడుగులు లెక్కపెడుతూ తిరుగుతోంది.

"ఎవతివే నువ్వు? ప్లాటు కొంటవా?"

"నా మొకం చూస్తే ప్లాటు కొనేటట్టున్ననా అవ్వా? ఈ జాగల మేం ఆడేటోళ్లం."

"ఆడేటోళ్లు ఆడుకోండ్రి, ఎవలొద్దన్నరు? ఉరికితే రాళ్లకు తాకి పండ్లు రాల్తయి."

"అందుకే రాళ్లు తీసి ఆడ్తం. అయిపోంగనే ఎట్లున్నయి అట్ల పెడ్తం."

నాకు నవ్వొచ్చింది. ఆ పిల్ల నవ్వలేదు. వంగి ఒక రాయి పట్టుకుని ఊపింది. ఊడి చేతికొచ్చింది. శ్రీశైలం సిమెంటు ఎందుకు దండగ అని వట్టి మట్టిలోనే పాతించాడు మరి.

"ఆరు గంటలకు వచ్చి ఏడున్నరకు పోతం అవ్వా. పొల్లగాండ్లు చెదిరిపోతున్నరు. ఇంకో ఏడాది పోతే ఎవతీ రాదు."

పొమ్మనవలసినదాన్ని. నాకు అన్నం పెట్టేది ఆ రాళ్లే. కానీ ఆ పిల్ల నన్ను బతిమాలలేదు. రాయి చేతిలో పట్టుకుని, నేను ఏ మాట చెబితే ఆ పని చేద్దామని నిలబడింది. బతిమాలితే కసురుకునేదాన్ని. ఊరికే నిలబడ్డవాళ్లను ఏం చేస్తాం? "ఒక్క రాయి అటిటు అయినా నీ ఈపు పలుగుతది" అన్నాను. అంతే, అరుణ ఇల్లిల్లూ తిరిగి పద్నాలుగు మందినీ మళ్లీ పోగుచేసింది, జట్టు లేచింది.

ఆటకు అడ్డొచ్చే రాళ్లు యాభై ఎనిమిది. అంకెల రంగు రెండు వానలకే చాలావరకు కొట్టుకుపోయింది. అందుకని ఒక పద్ధతి పెట్టింది. పిల్లకు నాలుగు రాళ్లు, మిగిలిన రెండు తనవి. ఎవరి రాళ్లు వాళ్లే తీయాలి, తల గుంతవైపు పెట్టి నేరుగా ఆట గీత అవతల పడుకోబెట్టాలి, వాళ్లే పాతాలి. గుంతల్లో కాలు పడకుండా వాటిని మట్టితో పూడ్చి ఆడేవాళ్లు. ఏడాది పొడుగునా ఒక్క రాయి జాగా తప్పలేదు. శ్రీశైలం వారానికి రెండుసార్లు కారులో వచ్చేవాడు, ఒక్కనాడూ కనిపెట్టలేదు.

ఆట నేర్పడం కూడా మన తీరులోనే. ఎదుటివాళ్లను ఆపేటప్పుడు అందరూ ఒకే వరుసలో కదలాలట. పిల్లలకు అది ఎక్కలేదు. "మీ అమ్మలు కలుపుకు పోయినప్పుడు మునుం పడ్తరు గదా, ఒక్కతె ఎన్కవడితే ఏమైతది?" అంది అరుణ. వరుసగా చేను పట్టుకుని పోవడాన్నే మేం మునుం అంటాం. అప్పటి నుంచి వరుస చెదిరితే పిల్లలే "మునుం తెగింది, మునుం తెగిందే!" అని అరిచేవాళ్లు. ఆ ఏడాది మళ్లీ జిల్లాలో గెలిచారు. రాష్ట్ర పోటీకి పిలుపు వచ్చింది.

ఆ వార్త పేపరులో పడితే టీవీవాళ్లు దిగారు. డైరెక్టరు సునంద, ఆమెతో ఇద్దరు కెమెరావాళ్లు. మ్యాచీ కాదు, మ్యాచీ వెనక సంగతులు కావాలంది సునంద. పిల్లలు ఇంట్లో అంట్లు తోముతుంటే తీశారు, బస్సు కోసం ఉరుకుతుంటే తీశారు. ఒకే పరుగు మూడుసార్లు పరుగెత్తించారు. మధ్యమధ్య సునంద ఒకటే అడిగేది:

"అరుణగారూ, గ్రౌండు పోయింది కదా, మళ్లీ ఎలా దొరికింది?"

"దొరికింది మేడం."

"అదే, ఎలా?"

"ఎట్లనో దొరికింది. పొల్లగాండ్లు ఎండల నిలవడ్డరు, ముందుగాల ఆట తియ్యుండ్రి."

నిజం చెబితే శ్రీశైలం నన్ను గది ఖాళీ చేయిస్తాడు, రాళ్లకు సిమెంటు పోయిస్తాడు, రాష్ట్ర పోటీకి నెలన్నర ఉండగా జట్టు రోడ్డున పడుతుంది. అబద్ధం చెప్పడానికి ఆమెకు నోరు రాదు. టీవీవాళ్లు ఉన్న ఆ వారం రోజులు అరుణ టీ కూడా చల్లారేదాకా ముట్టలేదు. గేటు దాకా పోవడం, రావడం, మళ్లీ పోవడం. "నీ కాళ్లకు చక్రాలు కట్టిండ్రానే?" అని తిట్టాను. వినలేదు.

ఆఖరి రోజు కెమెరా అతను, నేల మీద పడున్న రాళ్లు బొమ్మలో వస్తున్నాయి, పక్కకు తీయమన్నాడు. అరుణకు అదే మంచిదనిపించింది. రాళ్లు కనబడకపోతే అడిగేవాళ్లుండరు. సరేనంది. పిల్లలు యాభై ఎనిమిది రాళ్లూ మోసుకొచ్చి నా గది వెనక ఒక్క కుప్ప పోశారు. అక్కడే కొంప మునిగింది. పోసేటప్పుడు నేనూ చూశాను. నాకూ తట్టలేదు, ఏం లాభం నోరుండి.

ఆట తీయడం తొమ్మిది దాకా సాగింది. అంతలో శ్రీశైలం ఫోను: మీర్‌పేట్ నుంచి పార్టీ వస్తోంది, పదింటికి అక్కడుంటామని. పిల్లలు కుప్ప మీద పడ్డారు. అందరిలోకి చిన్నది మనోజ, "అక్కా, నా రాళ్లు ఏవక్కా?" అని ఏడుపు ముఖం పెట్టింది. "ఏదో ఒకటి పెట్టు, జల్ది!" అంది అరుణ. ఏడాదిలో ఆమె నోటి నుంచి అట్లాంటి మాట రావడం అదే మొదలు. దొరికిన రాయి దొరికిన గుంతలో పాతి పిల్లలు గేటు అవతల బస్టాపుకు ఉరికారు.

మీర్‌పేట్ నుంచి వచ్చినవాళ్లు మొగుడూ పెళ్లాం. తూర్పు ముఖం మూల ప్లాటు, నలభై ఒకటి, ముందే మాట్లాడుకున్నారట. మూలకు పోతే ఏ అంకే లేని రాయి ఉంది. వెతగ్గా వెతగ్గా రంగు మిగిలిన నలభై ఒకటో రాయి మురుగు కాలువ పక్కన దొరికింది.

"ఏంది శ్రీశైలం గారూ, పోయిన వారం ఆ మూలకు చూపిచ్చి ఇయ్యాల మోరీ పక్కకు తెచ్చిండ్రా?" అంది ఆ ఇల్లాలు. ఆమె గొంతు నా గొంతుకు ఏమీ తీసిపోదు.

శ్రీశైలం నా మీదికి వచ్చాడు. "నాగులమ్మా! రాళ్లెవలు ముట్టిండ్రు? జీతం తీస్కొని నిద్రవోతున్నవా?"

నేను నోరు తెరిచేలోపల అరుణ అడ్డం వచ్చింది. "ముసలామెకు తెల్వదన్నా. నేను తీసిన. ఏడాది నుంచి తీస్తున్న. గంట టైమియ్యి, ఎట్లున్నయి అట్ల పెట్టకపోతే పోలీసులను పిలువు."

బస్టాపు నుంచి పిల్లలను వెనక్కి పిలిచింది. రాళ్లన్నీ పీకించి, ఎవరి గుంతల దగ్గర వాళ్లను నిలబెట్టింది. తొందర లేకపోతే పిల్లలకు రాళ్లు తెలియకపోతాయా? "చెవి తెగింది నాది", "నడుమ మచ్చున్నది నాది", "ఇది బొర్ర రాయి, మనోజది" అని ఒకరికొకరు అందించుకుంటూ ముప్పావు గంటలో పాతేశారు. శ్రీశైలం ప్లాట్ల కాగితం తీసి టేపుతో నాలుగు చోట్ల కొలిచాడు. జానెడు తేడా లేదు. మీర్‌పేట్ ఆమె కూడా నోరు మూసుకుంది.

అప్పుడు చూశాడు శ్రీశైలం, కెమెరా నడుస్తోందని. ముఖం మారింది. కాసేపు కోపం, కాసేపు లెక్క. అరుణను పక్కకు పిలిచాడు. నేనూ పోయాను, నన్నెవరూ పిలవలేదు.

"చూడు చెల్లె, నేను చెడ్డోన్ని కాను. ఆడుకోండ్రి. ఇండ్లు లేసేదాక ఆడుకోండ్రి. గీ రాళ్ల ముచ్చట టీవీల రావద్దు. మా వెంచరోళ్లే పిలిచి గ్రౌండు ఇచ్చిండ్రని నువ్వు చెప్పాలె. ముసల్దాన్ని గూడ ఏమనను."

సునంద అంతా విన్నది. "తీసింది నా దగ్గరుంది అరుణగారూ. మీరు ఏది చెప్తే అదే వేస్తాను" అంది. బరువంతా ఈ పిల్ల నెత్తిన పెట్టి తాను చేతులు కట్టుకుంది.

అరుణ నా వైపు చూసింది. "వద్దవ్వా. ఒకసారి జారివడ్డనని రాసిచ్చిన. మల్లనా?"

"అప్పుడు నీ కోసం ఎవలున్నరు? ఇప్పుడు పద్నాలుగు మందున్నరు. చెప్పు. నా పేరు టీవీల వస్తే నాకేమన్న కిరీటం వెడ్తరా?" అన్నాను. అన్నాను గానీ లోపల నాకూ మంటగానే ఉంది.

చెప్పింది. మొదటిసారి సగంలో ఆపి గేటు దాకా పోయి వచ్చింది. రెండోసారి నేల చూస్తూ చెప్పింది. మూడోసారి మాట సరిగ్గానే వచ్చింది, ముఖం కలవలేదన్నారు. నాలుగోసారి, "శ్రీశైలం అన్న మమ్ముల పిలిచి గ్రౌండిచ్చిండు" అని నవ్వుతూ చెప్పింది. పక్కన శ్రీశైలం ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆ సినిమా వేశారు. పిల్లలందరూ నా రేకుల గదిలో కూర్చుని చూశారు. తమ ముఖాలు కనబడినప్పుడల్లా ఒకటే కేకలు. శ్రీశైలం మాట వచ్చేచోటికి అరుణ లేచి బయటికి పోయింది. నేను వెనక పోయాను.

"కోపమొచ్చిందా అవ్వా?"

"మస్తొచ్చింది. నువ్వు చెప్పకుంటే ఇంకింత వచ్చేది."

"రాష్ట్రం పోటీ కాంగనే అందరికి నిజం చెప్త."

"ఆ అందరు ఎవలే? అడిగెటోడు ఎవడున్నడు? పో, లోపలికి వోయి పొల్లగాండ్లతోని కూసో."

కూర్చోలేదు. రోడ్డు దాకా నడిచి వెనక్కి వచ్చింది, మళ్లీ నడిచింది.

సినిమా వచ్చాక ప్లాట్లు చకచకా పోయాయి. ఆడపిల్లల గ్రౌండు చూస్తామని జనం కార్లలో వచ్చి, చూసి, కొనుక్కుని పోయారు. రాష్ట్ర పోటీకి పన్నెండు రోజులు ఉందనగా మీర్‌పేట్ వాళ్లు మూల ప్లాటులో కొబ్బరికాయ కొట్టి పునాది తవ్వడం మొదలుపెట్టారు. పొద్దున ఆరింటికి పిల్లలు వచ్చేసరికి అక్కడ నడుములోతు గుంత, ఇసుక కుప్ప. మనోజ బంతి పట్టుకుని అట్లాగే నిలబడింది.

అరుణ ఆ గుంతలోకి ఒకసారి తొంగి చూసింది. తర్వాత ముగ్గుపిండి డబ్బా అందుకుని, ఇటువైపు పదిహేను అడుగులు నడిచి, కొత్త గీత గీయడం మొదలుపెట్టింది.

"ఏం చూస్తున్నరే? ఇయ్యాల్టి నుంచి గ్రౌండు ఈడిదాక. మునుం వట్టుండ్రి."