సారు చేపలకు మా గల్లీ పెట్టిన మేత

1968 ఆగస్టు 12, సోమవారం. పొద్దున చేపలకు మేత వేద్దామని తాళంచెవి పట్టుకుని వెళ్తే, సారు ఇంటి ముందు గల్లీ పెద్దలంతా కూర్చుని ఉన్నారు. ఏమైందని అడిగితే ఎదురింట్లో బీడీలు చుట్టే అవ్వ చెప్పింది. కంటి ఆపరేషన్ కోసం నాందేడులో కూతురి దగ్గరికి వెళ్లిన మా డ్రాయింగు సారు నిన్న గుండె ఆగి పోయారట. అక్కడే మట్టి చేశారట. కబురు మొదటి బస్సులో వచ్చింది.

చదివే మీకు ఆయన తెలియకపోవచ్చు. బోధన్‌లో సగంమంది పిల్లలు ఆయన దగ్గరే పెన్సిలు పట్టారు. నాకు బొమ్మ రాలేదు, అయినా సారు పంపించేయలేదు. నా వ్యాసాలు అడిగి చదివేవారు. ఒకసారి 'ఎర్రటి చేప' అన్నచోట గీత గీసి, "ఏ ఎరుపు బిడ్డా? ఇటుకదా, దానిమ్మ గింజదా? జర చూసి రాయి" అన్నారు. ముందుగదిలోని గాజుతొట్టి దగ్గర కూర్చోబెట్టి, చూసేదాకా లేవనివ్వలేదు. అప్పుడు చిరాకు వేసింది. ఇప్పుడు ఏ మాట రాయబోయినా ఆ గీత కనబడుతుంది.

ఊరికి వెళ్లేముందు మేత డబ్బా నా చేతికిచ్చి, చిటికెడంటే ఎంతో రెండు వేళ్లతో చూపించారు. ఇంతేనా అని అడిగాను.

"నువ్వేసింది చాలదనిపిస్తే సరిగ్గ ఏసినట్టే. ఎక్కువైంది నీళ్లల్ల మురుగుతది, అవి చస్తయి."

ఈ రోజంతా ఆ మాటను ఒక్కరి చెవికి కూడా ఎక్కించలేకపోయాను. తలుపు తీయగానే అందరూ లోపలికి వచ్చారు. దువా చదివేవాళ్లు చదివారు, సారు కుర్చీకి దండం పెట్టేవాళ్లు పెట్టారు. ఆ తర్వాత ప్రతి ఒక్కరూ తొట్టి దగ్గరికే. అవ్వ పేలాలు వేసింది. హోటలు చాచా బిస్కెట్టు నలిపి వేశాడు. చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే అన్న జేబులోంచి పొట్లం తీసి చక్కెరే పోశాడు. వద్దని చేయి అడ్డం పెడితే కసిరాడు.

"పోయినాయన చేపలను ఉపాసం ఉంచుతవా? కాలేజీల గిదే నేర్పుతున్నరా?"

చేపలైనా నా మాట నిలబెట్టలేదు. ఎవరి నీడ పడినా గాజు దగ్గరికి వచ్చి నోళ్లు తెరిచాయి. చూసినవా ఎంత ఆకలిగున్నయో అని అందరూ నన్నే అన్నారు.

మధ్యాహ్నానికి నీళ్లు గంజిలా అయ్యాయి. సాయంత్రానికి ఒక చేప వెల్లకిలా తేలింది. ఇటుక ఎరుపుది. నాకు ఏడుపు కన్నా కోపం ఎక్కువ వచ్చింది, సారు మీద కూడా. నాకు చెప్పిన ముక్క ఈ గల్లీకి కూడా చెప్పి వెళ్లవచ్చు కదా.

తాళం వేస్తుంటే అవ్వ మళ్లీ పిడికిట్లో పేలాలతో వచ్చింది. ఒకటి చచ్చిపోయింది, ఇక చాలు అని గట్టిగానే అన్నాను. అవ్వ కదలలేదు.

"సారు ఈడ పోతే గల్లీ అంత పోయి తలా పిడికెడు మట్టి ఏద్దుము. ఆడనే మట్టిజేసిరి. ఈ పిడికిలి యాడ ఇప్పాలె బిడ్డా?"

 నా కోపం పూర్తిగా పోలేదు. కానీ సగం నీళ్లు మార్చకపోతే మిగతా చేపలు బతకవు. బావి నీళ్లు తోడగానే పోయకూడదు, రాత్రంతా నిలవాలి. అవ్వతో అదే చెప్పాను. పేలాలు వద్దు, ఒక చెంబు నీళ్లు తోడి గడపలో పెట్టుకో, పొద్దున తీసుకురా.

"అందరికి చెప్పాల్నా?"

"అందరికీ చెప్పు. తలా ఒక చెంబు."

దీపాలు పెట్టే వేళకు గల్లీలో గడప గడపకూ ఒక చెంబు కనబడుతోంది. ఫ్యాక్టరీ అన్న ఏకంగా బిందె పెట్టాడు. రేపు పొద్దున కాలేజీకి వెళ్లేముందే తలుపు తీస్తాను. నేను పాత నీళ్లు తోడుతుంటే ఒక్కొక్కరే వచ్చి, తొట్టి అంచు మీదుగా, మెల్లగా పోయాలి.