ముందు ఎగువకే నీళ్లు

నిరుడు శ్రావణంలో రెండో మంగళవారం, పగలు పదకొండున్నర. నర్సీపట్నంలో కాలువ ఆఫీసులో కూర్చున్నాం. తాండవ రిజర్వాయరులో నీళ్లు తక్కువగా ఉన్నాయి, ముందు ఎవరికి వదలాలో తేల్చుకోమని ఇంజనీరు గారు పిలిచారు. మా పొలాలు నాతవరం పక్క, కాలువ మొదట్లో. మా తాతల నాటి నుంచీ ముందు మేం తడుపుకుంటాం. మిగిలితే చివరి పొలాలకు, అంటే శివారుకు పోతుంది. లేకపోతే లేదు.

శివారు ఊరి నుంచి ఒకామె వచ్చింది. ఎకరం చేను, భర్త లేడు, మరిదిని వెంటబెట్టుకొచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఈ ఒక్కేడూ ముందు మాకొదలండి బాబూ. నారు ముదిరిపోతంది. ఇంకో వారం దాటితే ఆవులకి కోసి పడేయడవే."

ఇంజనీరు గారు నావైపు చూశారు. నేను పెద్దవాణ్ని, సరేనంటే మావాళ్లెవరూ కాదనరు. నా నారు ఇంకా లేతది, ఆగినా ఏం కాదు. అది నాకు తెలుసు. అయినా నోరు ఊరుకోలేదు.

"మీ ఊళ్లో సగం మంది సేలొదిలేసి కూలికి ఎలిపోనారు. మీకు నీళ్లెందుకే?"

మావాళ్లు నవ్వారు.

"నీళ్లు రాకే ఎలిపోనారు తాతా. ఎలిపోనారని నీళ్లాపేస్తే, ఉన్నోళ్లం కూడా మూటలు కట్టాలేటి?"

ఆమె మాట నిజమేననడానికి సిగ్గేసి, "ముందు ఎగువకే. అది రివాజు" అన్నాను. అంతే, అయిపోయింది.

నేను ముసలితనంలో అక్షరాలు దిద్దుకున్నవాణ్ని. పేపర్లో 'వెనుకబడిన ప్రాంతం' అని కూడబలుక్కుని చదివినప్పుడల్లా, అక్కడివాళ్లకు ఒళ్లు వంగదు కాబోలు అనుకునేవాణ్ని. కాలువ మొదట్లో కూర్చుని అలా అనుకోవడం తేలిక.

తర్వాత మా చేలో ఊడుపులు పెట్టుకున్నాం. షేర్ ఆటోలో దిగిన కూలీల్లో ఆమె ఉంది.

"మరి నీ సేనో?" అన్నాను.

"నారు ఆవు తినేసింది. బేగి కట్టలందించండి తాతా, ఎండెక్కిపోతంది."

వంగి, పొద్దు వాలేదాకా నా మడిలో నాట్లు వేసింది. ఆ బియ్యమే ఏడాదంతా తిన్నాను.

ఈ ఏడాది ముందు శివారుకు వదలమని నేనే అడిగాను. వదిలారు. చూద్దామని వెళ్తే ఆమె చేను బీడుగా ఉంది, నీళ్లు గట్టు పక్కనుంచి ఊరికే పోతున్నాయి. ఆమె, మరిదీ ఇటుక బట్టీకి పోయారని పక్క చేనాయన చెప్పాడు. ఏ ఊరి బట్టీయో ఆయనకూ తెలీదు.

నిరుడు ఆ ఆఫీసులో ఉన్నది ఇంజనీరు గారు, గేటు తిప్పే లస్కరు, మా ఎగువ రైతులు నలుగురు, ఆమె, ఆమె మరిది, నేను. సరే అనాల్సింది నేనొక్కణ్నే.