లలిత ఒంటి తీగ

మా చిన్నప్పుడు బాన్సువాడ హాస్టల్ ఎనక, బట్టలు ఉతికే బండ మీద కూసోని లలిత నూనె డబ్బాకు తీగ బిగిస్తుండె...

ఖాళీ రేకు డబ్బా, దానికి ఒక కట్టె, ఆ కట్టె పొడుగునా సైకిల్ బ్రేకు వైరుల నుంచి విప్పి తీసిన ఒక్క పోగు. ఎడమ చేతిల చిన్న గాజు సీసా పట్టుకొని తీగ మీద జరుపుకుంట, కుడి చేతి వేలితోని మీటేది. సప్పుడు ఒక్కచోట నిలవకపోయేది... జారుకుంట పోయేది, అచ్చం మనిషి గొంతు లెక్క.

ఎవరు నేర్పిన్రే అంటే, ఎవ్వరు నేర్పలే అన్నది. తండాల ఒక ముసలాయన గిట్ల వాయిస్తుంటే చూసిందట. గంతే.

లలితది నిజాంసాగర్ కాలువ అవతల తండా. మాది ఇవతల ఊరు. వరి, చెరుకు పండించే ఇల్లు. ఆమె హాస్టల్ల ఉండేది, నేను రోజూ బస్సుల వచ్చిపోయేదాన్ని. ఆరో తరగతిల ఒక్క బెంచి మీద కూసున్నం... ఇగ అప్పటిసంది దోస్తులం.

దసరా దాటినంక వాళ్ళ అమ్మానాయన చెరుకు కొట్టనీకి మహారాష్ట్రకు పోయేటోళ్ళు. మళ్ళ ఎండకాలంకే వచ్చుడు. ఆ నెలలల్లనే లలిత ఎక్కువ వాయించేది. పాటంటే పెద్దగ ఏం లేదు... "యాడీ..." అని ఒక్క మాట. వాళ్ళ భాషల యాడి అంటే అమ్మ. ఆ మాట సాగదీసి పాడుడు, తీగ మీద దానికి జవాబు వాయించుడు. మళ్ళ పాడుడు, మళ్ళ వాయించుడు.

ఎనిమిదిల ఉండంగ బడి వార్షికోత్సవంల పేరిచ్చింది. మిగిలినోళ్ళవన్నీ సినిమా పాటలకు డాన్సులు. లలిత డబ్బా పట్టుకొని స్టేజీ ఎక్కి "యాడీ..." అని అందుకున్నది. ఎనక నుంచి ఎవడో "యాడికి? బోధన్‌కా?" అన్నడు. మా దిక్కు యాడికి అంటే ఎక్కడికి అని గదా... అందరు నవ్విన్రు. సార్లు గూడ నవ్విన్రు.

లలిత ఆపలే. ఆఖరిదాకా వాయించి దిగింది. నా పక్కన కూసోని, ఇగ ఎవ్వరి ముంగట వాయియ్య అన్నది. అన్నట్టే ఉన్నది.

ఆ మరుసటేడు ఎండలు ముదరకముందే వాళ్ళ నాయన ఒక్కడే తిరిగొచ్చిండు. చెరుకు తోటల వాళ్ళమ్మకు జరమొచ్చిందట. దవాఖానకు తీస్కపోయే వరకే ఆలస్యమైందట. అంత్యక్రియలు గూడ అక్కడనే అయినయి. లలితకు కడసారి చూపు దక్కలే.

మా అమ్మతోని తండాకు పోయిన. ఆడోళ్ళంత ఒకరినొకరు పట్టుకొని రాగం తీసి ఏడుస్తున్రు. లలిత ఒక్కతే ఏడుస్తలేదు. మాట్లాడుతలేదు. హాస్టల్‌కు వచ్చినంక గూడ గంతే... ఎవరేమడిగినా తలూపుడే. నాకైతే ఫికర్ పట్టుకున్నది, ఈ పిల్ల ఇట్లనే అయిపోతదా అని.

ఒకనాడు బడి ఇడిసినంక హాస్టల్ ఎనక్కి పోయి చూస్తే, వాయిస్తుంది. ఈసారి నోరు తెరుస్తలేదు. "యాడీ" అనే చోట గూడ తీగనే పలుకుతుంది. పోయి పక్కన కూసున్న. నా బస్సు యాళ్ళయింది, అయినా లేవబుద్ధి కాలే.

అంతల వార్డెనమ్మ వచ్చింది. చిన్న సప్పుడైనా కోపం చేసే మనిషి... ఆ రోజు గోడకు ఆనుకొని నిలబడ్డది. లలిత ఆపి, నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. చాలసేపు ఏడ్చినంక, "ఆకలైతుందే పద్మా" అన్నది. వార్డెనమ్మ లోపలికి పోయి పప్పన్నం కలుపుకొచ్చింది.

పదో తరగతి అయినంక లలితకు మద్నూర్ దిక్కు పెండ్లయింది. నేను డిగ్రీకి హైదరాబాద్ పోయిన. అక్కడ మా రూమ్మేట్ ఒక పాట వినిపించింది. అమెరికాల ఎవరో నల్లజాతి ముసలాయన, గిటారు తీగల మీద సీసా మెడ జరుపుకుంట పాడుతుండు. దీన్ని బ్లూస్ అంటరు, పత్తి చేన్లల్ల పని చేసినోళ్ళ నుంచి పుట్టిన పాట అని ఆమె చెప్పింది. మా లలిత వాయించేదానికి గూడ ఒక పేరుందని గప్పుడు తెలిసింది.

చేతిలకు ఫోన్లు వచ్చినంక ఆ పాట లలితకు పంపిన. విని ఫోన్ చేసింది. "భాష సమజ్ గాలే గని, గా ముసలాయన గూడ ఎవరికోసమో ఎదురు చూస్తుండే" అన్నది.

ఇప్పుడు లలిత మద్నూర్ల బట్టలు కుడుతది. ఇద్దరు ఆడపిల్లలు. సెకండ్ హ్యాండ్ల ఒక గిటారు కొనుక్కున్నది. మొన్న మిషన్ ఆపి, ఫ్యాను బంద్ చేసి, ఇంట్లనే ఫోన్ల రికార్డు చేసి నాకు పంపింది. నడుమల హైవే మీద లారీ హారన్ గూడ పడ్డది. పాట సగం వాళ్ళ భాష, సగం తెలుగు. అమ్మ కొట్టిన చెరుకు ఎవరి చాయ్‌ల తీపయిందో... అని ఒక మాట ఉంది. వంట చేసుకుంట పెట్టినదాన్ని, పొయ్యి బంద్ చేసి కూసోని విన్న.

నెట్ల పెట్టి పదిమందికి వినిపియ్యాల్నానే అని అడిగిన. వద్దంటదనుకున్న.

"పెట్టు. నవ్వెటోళ్ళు నవ్వనీ. మా అమ్మ పాట నా ఒక్కదాని దగ్గరనే ఉండిపోతే ఎట్ల?" అన్నది.

ఈ పోస్టు కింద పెట్టిన, వినుండ్రి. రికార్డింగ్ గొప్పగ లేదు, ఒక దగ్గర తాళం తప్పింది. పాట మాత్రం మంచిగున్నది... దోస్తని చెప్తలేను.

అప్పట్ల పాట వినాలంటే పాడే మనిషి పక్కన పోయి కూసునుడే. ఇప్పుడు ఎవరి చెవులల్ల వాళ్ళ పాట... పక్కనున్నోళ్ళు ఏం పాడుకుంటుండ్రో తెలుస్తలేదు. చిన్నప్పుడు మీ క్లాసుల గూడ పాడే పిల్లనో, బెంచి మీద దరువేసే పిలగాడో ఉండే ఉంటరు. ఒక్కసారి ఫోన్ చేసి, ఇంక పాడుతున్నరా అని అడుగుండ్రి... వాళ్ళు ఏమన్నరో నాకు గూడ చెప్పుండ్రి.