ఆదివారం ఉభాలు

మొన్న కోటబొమ్మాళి దాటాక మా బస్సు కాసేపు ఆగింది. పక్క పొలంలో యంత్రం ఒకటి వరి నాటుకుంటూ పోతోంది. నడిపేవాడు తప్ప మడిలో మనిషి లేడు. కబుర్లు లేవు, తిట్లు అసలే లేవు. వరినాట్లను మా వైపు ఉభాలంటారు. ఉభాలంటే నాకు ముందు గుర్తొచ్చేది మా మేనత్త తిట్లే. మా మడికి మీరొస్తే మీ మడికి మేం రావాలి. ఆ బదులు ఎగ్గొట్టినవాళ్ళని మా అత్త పెళ్ళిపందిట్లో కూడా వదిలేది కాదు.

మా పక్కింటి పెద్దమ్మ వాళ్ళది బాప్టిస్టు చర్చి కుటుంబం. ఊళ్ళో ఆ ఒక్క ఇల్లే. శుక్రవారం సాయంత్రం ఇంటిల్లిపాదీ వసారాలో కూర్చుని ప్రార్థన చేసుకునేవారు. మా అత్త మా అరుగు మీంచే ఆ పాటలకి తలూపుతూ చింతపండు పిక్కలు తీసేది. అందరి చేతుల్లోకీ కొత్తగా పెద్ద ఫోన్లు వచ్చిన రోజులవి. వాటిలో వేరే మతాల మీద ఏవేవో చూసి మా ఊరి కుర్రాళ్ళకి బుర్ర తిరిగింది. ఆ ప్రార్థన ఆపాలనీ, ఆపకపోతే వాళ్ళ పనికి ఎవరూ వెళ్ళకూడదనీ ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. "నా ఇంట్లో నా దేవుడితో మాటాడుకోడానికి ఎవుల్ని అడగాల?" అంది పెద్దమ్మ, నెమ్మదిగానే. ప్రార్థన ఆగలేదు. ఆమె ఉభాలకు ఎవరూ కదల్లేదు. ఇంట్లో ఉన్నది ముగ్గురే, వాళ్ళతో ఆ మడి తెమలదు. ఆకుమడిలో నారు ముదిరిపోతోంది. ఇంకా ఆగితే నాటినా గింజ పట్టదు, ఆ ఏడు ఆ ఇంటికి తిండిగింజలుండవు. పెద్దమ్మ గట్టు మీద నిలబడి నారుకేసి చూస్తుంటే నాకు ఏడుపొచ్చేది.

ఓ పొద్దున్నే మా అత్త ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళని బయల్దేరదీసింది. "మొన్న మన మడిలో నడుం వొంచింది ఆవిడ కాదేటి? బదులు ఎగ్గొడతారేటే, సిగ్గునేదా?" అంది. సిగ్గో, ఆవిడ నోటికి భయమో, బాగానే కదిలాం. నేనూ చీర ఎగ్గట్టాను. రెండు వరసలకే నడుం పట్టేసింది.

ఒక్కటే మర్చిపోయాం. అది ఆదివారం. పెద్దమ్మ వాళ్ళు చర్చికి వెళ్ళారు. బైబిలు చేత్తో పట్టుకుని తిరిగొచ్చేసరికి మడి సగం పచ్చబడింది. ఆవిడ గట్టు మీదే ఆగిపోయి లబలబలాడింది.

"ఓలమ్మో, ఆదివారం పని సేయించకూడదు కదా వదినా!"

"నువ్వు సేయకు. గట్టు మీద కూకోని పాట పాడు. ఆదివారం నీకు గానీ, మాకేటి?" అంది అత్త.

పెద్దమ్మ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. కూర్చుని నిజంగానే పాడింది.

అంతలో కుర్రాళ్ళు వచ్చారు. ముందున్నవాడు ఏదో అరవబోయి, వరసలో వంగి నాటుతున్న వాళ్ళమ్మని చూశాడు. ఆమె తల కూడా ఎత్తలేదు. "ఒరే, వొచ్చినోడివి ఊరికే నిలబడతావేటి? ఆ నారుకట్టలిలాగ ఇసురు" అంది. వాడు కాసేపు ఫోను చూసుకున్నాడు. తర్వాత దాన్ని జేబులో పెట్టి, ప్యాంటు మడిచి, కట్ట అందుకున్నాడు. మిగతావాళ్ళు వచ్చిన దారినే పోయారు. అందులో ఒకడు మా అత్తని తిడుతూ పోయాడు. అత్త అంతకు రెండింతలు తిట్టింది.

ఆ ఏడు పంట బాగానే పండింది. ఆ తర్వాత నుంచి పెద్దమ్మ మడికి శనివారమే వెళ్తున్నాం. పొరుగింటిని వెలేసే అలాంటి రోజులు మళ్ళీ రావని నేననను, కాలం వాటిని తెస్తూనే ఉంటుంది. వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ముందు బురదలో కాలు పెట్టాలి.