వంక పెట్టాలంటే తెలుగులోనే

మా ఇంట్లో ఒక చట్టం ఉండేది. కూర నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చు. తిట్టొచ్చు, దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ ఎత్తి కడిగి ఆరెయ్యొచ్చు. కానీ తెలుగులో తిట్టాలి. ఏం నచ్చలేదో, ఎందుకు నచ్చలేదో పూర్తి వాక్యంలో చెప్పాలి. వంక సరిగ్గా పెడితే ఒక్క ముద్ద తిని వదిలెయ్యొచ్చు. పెట్టలేకపోతే కంచం ఖాళీ చెయ్యాల్సిందే. చట్టం చేసిందీ నేనే, అమలు చేసిందీ నేనే. మొండిదాన్నని పుట్టింట్లో నాకు ఎప్పట్నుంచో పేరుంది.

అప్పుడు మేం సిడ్నీలో, గిరావీన్‌లో, ఒక అద్దె యూనిట్లో, అదే ఫ్లాట్లో, ఉండేవాళ్ళం. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఏమైపోతాయోనని లోకమంతా హడలిపోతున్న రోజులవి. మా ఆయన ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేసేవారు. పాత ప్రోగ్రాములు తెరవడం, రెండంకెల సంవత్సరం ఎక్కడ కనిపించినా పట్టుకుని నాలుగంకెలు చెయ్యడం, అదే పని. పొద్దున్నే రైలెక్కితే చీకటి పడుతుండగా దిగేవారు. ఇంట్లో నేనూ, నాలుగేళ్ళ మా పాపా.

పాప సిడ్నీలోనే పుట్టినా మాటలు నేర్చింది తెలుగులోనే. ముద్దుముద్దుగా 'అమ్మా, అటు చూలు' అంటూ కొంగు పట్టుకుని తిరిగేది. ప్రీస్కూల్లో చేర్చాం. చలికాలం వచ్చేసరికి ఆ తెలుగంతా ఎటు పోయిందో పోయింది. నేను ఆకలవుతోందా అని తెలుగులో అడగడం, అది 'నాట్ హంగ్రీ' అనడం. కంచంలో ఏం పెట్టినా 'యక్'. బెండకాయా యక్, బీరకాయా యక్, కాకరకాయ గిన్నె మూత తియ్యకముందే యక్. ఇన్ని రకాల కూరలకి ఆ ఒక్క మాటేనా అని నాకు ఒళ్ళు మండేది.

కెల్లీవిల్‌లో మాకంటే పదేళ్ళు ముందొచ్చిన కుటుంబం ఒకటి ఉండేది. కొత్తగా పెద్ద ఇల్లు కట్టుకున్నారు. ఒక ఆదివారం బార్బీకి పిలిచారు, అంటే పెరట్లో నిప్పుల మీద కాల్చుకు తినే విందుకి. మగవాళ్ళంతా పెరట్లో పొగ మధ్య నిలబడి మొక్కజొన్న పొత్తులు తిప్పుతుంటే, నేను వంటింట్లో ఆ ఇంటి ఆంటీతో నా గోడు వెళ్ళబోసుకున్నాను. ఆవిడ తేలిగ్గా నవ్వేశారు. "కంగారెందుకమ్మా? మావాళ్ళకి అన్నీ అర్థమవుతాయి. రిప్లై మాత్రం ఇంగ్లీషులో ఇస్తారు, అంతే."

ఆ మాట ఇంకా గాల్లో ఉండగానే హైస్కూల్లో చదివే వాళ్ళబ్బాయి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మొహం వాడిపోయి ఉంది. తల వంచుకుని, వాళ్ళమ్మతో ఇక్కడి యాస ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్పుకుపోయాడు. ఆవిడ ఊఁ కొట్టి, ముందు ఏమైనా తిను నాన్నా అన్నారు. వాడు ఒక్క క్షణం చూసి లోపలికి వెళ్ళిపోయాడు. తలుపు పడ్డాక ఆవిడ నా వైపు తిరిగి మెల్లగా అడిగారు. "ఏమన్నాడు వాడు?"

ఎప్పట్నుంచో ప్రాణంగా ఉన్న స్నేహితుడు మాట్లాడటం మానేశాడట. గుమ్మం పక్కనే ఉన్న నాకు అందినంత నేనే ఆవిడకి తెలుగులో చెప్పాను. కన్నకొడుకు కష్టాన్ని ఆ తల్లికి పరాయిదాన్ని నేను విడమరిచి చెప్పాల్సొచ్చింది. ఆవిడకి ఇంగ్లీషు రాక కాదు. బ్యాంకులో పనిచేసేవారు. కానీ కడుపులో బాధ చెప్పుకునేటప్పుడు మనిషి నసుగుతాడు, మింగుతాడు, సగం మాటలు వదిలేస్తాడు. ఆ సగం పట్టుకోవాలంటే ఇద్దరిదీ ఒకే భాష అయ్యుండాలి.

తిరిగొచ్చేటప్పుడు కార్లో వెనకసీట్లో పాప నిద్రపోతోంది. నాకు భయం వేసింది. పదేళ్ళ తర్వాత ఇది కూడా ఇలాగే గుమ్మంలో నిలబడి ఏదో చెబుతుంది, నేను పక్కవాళ్ళని ఏమందని అడుగుతాను. చచ్చినా అలా జరగనివ్వను అనుకున్నాను.

అయితే ఎలా? పాటలు నేర్పాను, బొమ్మల పుస్తకాలు తెప్పించాను, ఏదీ అంటుకోలేదు. నాలుగేళ్ళ పిల్లకి తనకై తాను చెప్పాలనుకునేది ఏముంటుంది? ఆలోచిస్తే తట్టింది. మా పాపకి ఈ లోకంలో గట్టి అభిప్రాయాలంటూ ఉన్నది కూరగాయల మీదే. మాది గుంటూరు వైపు. మా పుట్టింట్లో భోజనమంటే సగం తినడం, సగం వంకలు పెట్టడం. మా నాన్నయితే పొట్లకాయ కూరని తిడుతూ తిడుతూ రెండోసారి వడ్డించుకునేవాడు. మా ఆయన దానికి పూర్తిగా వ్యతిరేకం. నచ్చనిదేదైనా మాట్లాడకుండా కంచం అంచుకి నెట్టేస్తారు. ఎలా ఉందండీ అంటే బానే ఉందంటారు.

అలా ఈ చట్టం పుట్టింది. ఆయనకి చెబితే ఇది ఇల్లా పోలీస్ స్టేషనా అని నవ్వారు. వచ్చే ఏడు బడికి వెళ్ళే పిల్ల, దానికి కావాల్సింది ఇంగ్లీషు కదా అన్నారు. ఇంగ్లీషు ఊరంతా కలిసి నేర్పుతుంది, తెలుగు నేర్పేదాన్ని నేనొక్కదాన్నే అన్నాను. చట్టం మీక్కూడా వర్తిస్తుంది, ఊరికే నెట్టడానికి వీల్లేదు అని కూడా చెప్పాను.

మొదటిరోజు బెండకాయ కూర. పాప యక్ అంది. తెలుగులో చెప్పమన్నాను. మళ్ళీ యక్. ఆయన తినేసి లేచారు. కూర చల్లారిపోయింది. పాప కళ్ళనిండా నీళ్ళు. అయినా నేను కదల్లేదు. అది నా కూతురే కదా, అదీ కదల్లేదు. ఇద్దరం ఆ బెండకాయల్ని మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. చివరికి అది ఒక ముక్క వేలితో ఎత్తింది. జిగురు తీగలా సాగింది. దాన్నే చూస్తూ మెల్లగా అంది.

"బెండకాయకి ముక్కు కారుతోంది."

హాల్లో మజ్జిగ తాగుతున్న మా ఆయనకి పొలమారింది. నేను నవ్వాపుకుని, శభాష్, ఒక్క ముద్ద తిని లే అన్నాను. ఆ తర్వాత చాలాకాలం ఇంట్లో ఎవరికీ బెండకాయ లోపలికి దిగలేదు. అది వేరే సంగతి.

అక్కడ్నుంచి దానికి రుచి తగిలింది. కూర రుచి కాదు, తిట్టడంలో రుచి. పొట్లకాయ స్నానం చెయ్యలేదట. సొరకాయకి అసలు ఏమీ రాదట, ఊరికే నీళ్ళు తాగి కూర్చుందట. కాకరకాయకి పొద్దున్నే కోపమొచ్చిందట. ఇంత బాగా వంకలు పెడుతుంటే నేను మాత్రం ఊరుకుంటానా? జిగట, పీచు, పసరు వాసన, చప్పదనం, కనరు, ఒక్కో మాటా అందించాను. యక్ అన్న ఒక్క మాట బదులు ఇన్ని మాటలు దాని నోట్లో తిరుగుతుంటే నాకు కడుపు నిండిపోయేది.

ఒకరోజు నేను కూరకి పచ్చి అరటికాయ చెక్కు తీస్తుంటే పాప ఒక ముక్క తీసి కొరికింది. మొహం ముడుచుకుపోయింది. చేదా అని నన్నే అడిగింది. చేదు కాదు తల్లీ, నాలుక మొద్దుబారిపోయి, గొంతు పట్టేసి, మింగుడుపడకుండా ఉంటుందే, దాన్ని వగరంటారు అని చెప్పాను. వగరు, వగరు అనుకుంటూ ఇల్లంతా తిరిగింది.

మా ఆయన కూడా బరిలోకి దిగక తప్పలేదు. దొండకాయ తనని హాస్టల్లో చదివినంతకాలం వెంటాడి, ఇప్పుడు వీసా తీసుకుని సిడ్నీక్కూడా వచ్చిందన్నారు. పాప పకపకా నవ్వింది. భోజనాల దగ్గర ఆయన అంతలా మాట్లాడటం నాకూ కొత్తే. అలిసిపోయి వచ్చినరోజు అలవాటుకొద్దీ ఏదైనా అంచుకి నెడితే పాప వేలు చూపించేది. నేను నేర్పిన మాటే, ఊరికే నెట్టకూడదని ఆయనకి అప్పజెప్పేది.

పెండిల్ హిల్‌లో ఇండియన్ షాపు నడిపే హైదరాబాదీ అంకుల్ ఒకాయన ఉండేవారు. ఒక శనివారం అక్కడ కూరగాయలు ఏరుతుంటే, పాప పొట్లకాయల బుట్ట ముందు నిలబడి, నువ్వు స్నానం చెయ్యలేదు, మా ఇంటికి రావద్దు అని గట్టిగా చెప్పేసింది. కౌంటర్ దగ్గర ఆయన నవ్వలేక చచ్చారు. "ఇక్కడ పుట్టిన పిల్లనేనా అమ్మా? మా పిల్లలు ఇంట్ల నాతోని లొల్లి కూడా ఇంగ్లీష్‌లనే పెట్టుకుంటరు. ఇట్ల ఇంటిమాటల తిడితే పడ్తుంటినమ్మా." ఆయన ఇంటిమాట ఉర్దూ. ఆ బెంగ మాత్రం నాదే.

కానీ నా గెలుపు సగమే. కంచం ముందు తెలుగు, చెయ్యి కడుక్కుంటే ఇంగ్లీషు. బెండకాయ మీద అంత వాక్యం చెప్పిన పిల్లే, మోకాలు గీరుకుని వచ్చి ఇంగ్లీషులో ఏడ్చేది. ప్రీస్కూల్లో ఎవరు కొట్టారో, ఎవరు ఇసుక గుంటలోంచి నెట్టేశారో, అన్నీ ఇంగ్లీషే. కూరగాయల మీద తప్ప దానికి తెలుగులో చెప్పడానికేమీ లేదు. నాకు కావాల్సింది కూరగాయలా? కాదు కదా. అయినా చట్టం సడలించలేదు. దొరికిన కొస వదిలితే మొత్తం జారిపోతుందని గట్టిగా పట్టుకున్నాను.

సంవత్సరం మారింది. మా ఆయన ఆ రాత్రి ఆఫీసులోనే కాపలా ఉన్నారు. ఏమీ కాలేదు. దీపాలు వెలిగాయి, రైళ్ళు నడిచాయి. ఆఫీసులో అందరూ చేతులు కలుపుకున్నారట. బడులు తెరిచాక పాప స్కూల్లో చేరింది. యూనిఫాం టోపీ పెట్టుకుని ఇంకా ఎక్కువ ఇంగ్లీషు మోసుకొచ్చింది. అక్కడ ఎండాకాలం అప్పుడే, ఎండలు మండిపోతున్నాయి. ఆ రోజుల్లోనే మా ఆయన మళ్ళీ పాత మనిషైపోయారు. భోజనాల దగ్గర దొండకాయ మాట లేదు, హాస్టల్ మాట లేదు. ఏమైందండీ అంటే ఏం లేదు, టైర్డ్ అనేవారు. రెండోసారి అడిగితే విసుక్కునేవారు. మనసులో ఏదో ఉంది, బయటికి రాదు. నాకు కోపం వచ్చేది, ఆ వెనకే బెంగ వచ్చేది.

ఒక సాయంత్రం కావాలనే గుత్తివంకాయ చేశాను. ఆయనకది ప్రాణం. పెండిల్ హిల్ దాకా వెళ్ళి లేత వంకాయలు ఏరి తెచ్చాను. నువ్వులు, కొబ్బరి, ఎండుమిర్చి వేయించి, పొడి చేసి కూరాను. ఆయన ఒక కాయ విడదీశారు. చాలాసేపు చూశారు. తర్వాత మెల్లగా దాన్ని కంచం అంచుకి నెట్టారు.

పాప తినడం ఆపింది. స్కూలు కబుర్లు ఇంగ్లీషులో చెబుతున్నదల్లా సగంలో ఆపి, వేలు చూపించింది.

"నాన్నా, ఊరికే నెట్టకూడదు. ఏం బాలేదో తెలుగులో చెప్పాలి."

ఆయన నవ్వబోయారు, నవ్వు రాలేదు. "వంకాయ బానే ఉందమ్మా."

పాప వంకాయ వైపు చూడలేదు. ఆయన మొహంలోకి చూసింది.

"మరి ఏం బాలేదు?"

నా చేతిలో నెయ్యి గిన్నె ఆగిపోయింది. ఆ మాట ఏ కూరగాయ గురించీ కాదు. అది అడిగింది వాళ్ళ నాన్న గురించి. తెలుగులో అడిగింది.

ఆయన నా వైపు చూడకుండా, పాపకే చెప్పారు. "నా పని అయిపోయిందమ్మా. ఆఫీసులో ఇంక నా అవసరం లేదన్నారు. ఈ శుక్రవారం ఆఖరు. మీ అమ్మకి ఎట్టా చెప్పాలో తెలియక తిరుగుతున్నా."

నేను అడిగితే టైర్డ్ అన్న మనిషి, ఐదేళ్ళు నిండని పిల్ల అడిగితే చెప్పేశారు. కోపం రావాలి నిజానికి. రాలేదు. గుండెల మీంచి ఏదో బరువు దిగినట్టయింది. ఉద్యోగం పోతే పోయింది, మనిషి నోరు విప్పారు. ఆయన పక్కకి జరిగి కూర్చున్నాను.

పాపకి ఉద్యోగమంటే ఏం తెలుసు? కానీ వంకకి కారణం చెప్పకపోతే చెల్లదని మాత్రం బాగా తెలుసు. చట్టం ప్రకారం విచారణ పూర్తి చేసింది. "చేదుగా ఉందా, వగరుగా ఉందా?"

ఆయన నిజంగానే ఆలోచించారు.

"వగరుగా ఉంది తల్లీ."

పాప తల ఊపింది. దానికా రుచి తెలుసు. అంచుకి నెట్టిన వంకాయని తన చిన్న వేళ్ళతో మళ్ళీ ఆయన అన్నంలోకి జరిపింది.

"సరే అయితే. ఒక్క ముద్ద తిను నాన్నా, చాలు."

ఆయన ముద్ద కలుపుకున్నారు. నేను నెయ్యి వేశాను.