యాభై చింతపిక్కల కనికరం

పందొమ్మిది వందల ఇరవై ఆరో సంవత్సరం, మాఘ మాసం. డుంబ్రిగుడ సంతకు వెళ్ళివచ్చిన పొరుగాయన మా ఇంటికి ఒక తాడు తెచ్చి ఇచ్చాడు. దానికి పన్నెండు ముడులు. మా కొండల్లో పెళ్ళికైనా పండగకైనా కబురు అలాగే పంపేవారు. రోజుకో ముడి విప్పాలి, చివరి ముడి విప్పిన నాడు ఆ పని. ఈ తాడు పంపింది కింద మైదానం నుంచి ఏడాదికి ఒక్కసారి కొండెక్కి వచ్చే పాదిరి అయ్యగారు. పన్నెండో నాడు వచ్చి నాకు బాప్తిస్మం ఇస్తారు, నేను అర్హురాలినైతే.

అప్పటికి నాకు పదహారేళ్ళ నాలుగు నెలలు. కాపరానికి వచ్చి ఏడాదిన్నర. అత్తా, నా పెనిమిటీ కిందటేడే బాప్తిస్మం పొందారు. ఆ రోజు వాళ్ళు లోపల కూర్చుని ప్రభువు రొట్టె తింటుంటే, నేను గడప బయట మా మేకను పట్టుకుని నిలబడ్డాను, అది లోపలికి దూరి రొట్టె తినకుండా. ఈసారి తప్పితే మళ్ళీ ఏడాది దాకా నేనూ మేకా బయటే.

అయ్యగారు పెట్టిన షరతులు రెండు. ప్రభువు ప్రార్థన తప్పు లేకుండా చెప్పాలి. రోజూ దేవుని కనికరం అడగాలి. మొదటిది నేర్చేసుకున్నాను. రెండోది నాకు తెలివితక్కువ పనిగా తోచింది. ఉప్పయినా ఎండుచేపలయినా సంతలో వారానికి ఒకసారి తెచ్చుకునేవాళ్ళం. ఉప్పు కోసం రోజూ కొండ దిగేవాణ్ణి వెర్రివాడంటారు. మరి కనికరానికి రోజూ మోకాళ్ళ మీద పడడం దేనికి?

మొదటి రోజంతా నన్ను నేను కనిపెట్టి చూసుకున్నాను. అబద్ధం ఒకటి, కోపం రెండు, అత్త అంబలిలో కావాలని ఉప్పు తగ్గించడం ఒకటి. వెరసి నాలుగు తప్పులు. పన్నెండు నాలుగుల నలభై ఎనిమిది. పొరపాట్లకు రెండు కలిపి యాభై. సాయంత్రం యాభై చింతపిక్కలు లెక్కపెట్టి ఆనపబుర్రలో పోశాను. దాన్ని ముందు పెట్టుకుని, ఇన్ని కనికరాలు ఒక్కసారే ఇచ్చేయమనీ, పన్నెండు రోజుల దాకా మళ్ళీ ఇబ్బంది పెట్టననీ దేవునితో చెప్పాను. తప్పు చేసినప్పుడల్లా ఒక పిక్క తీసి పారేయాలి. ఆ రోజువి నాలుగూ అప్పుడే తీసేశాను.

రెండో రోజు రెండు, మూడో రోజు ఒకటి. పన్నెండు కావలసిన చోట ఏడే అయ్యాయి. ఐదు మిగులు! నాలుగో రోజు వలిసె చేను మధ్య నిలబడి, అత్తను ఏడాదిన్నరగా అనాలనుకున్న ఐదు మాటలూ పైకి అనేశాను. అవి ఇక్కడ రాయను. ఆ రోజు మరో తప్పు చేయలేదు, తీరిక లేక.

ఐదో రోజు నా పెనిమిటి జీలుగు కల్లు తాగి, మానేస్తానని అయ్యగారికిచ్చిన మాట గుర్తొచ్చి, గుమ్మంలో కూలబడి ఏడ్చాడు. నాకు జాలేసింది.

"ఇందా, ఐదు. నా వాటాలోవి. అయ్యగారొచ్చేదాకా సరిపెట్టుకో."

"ఇయ్యేటే, సింతపిక్కలు!"

"కనికరాలు. పారేసుకోకు."

ఆయన వాటిని గోచీ కొసన ముడేసుకుని నిద్రపోయాడు. ఆరో రోజు మూడు ఖర్చయ్యాయి. నికరం ముప్పై.

ఏడో రోజు కట్టెలు తెచ్చి దించేసరికి, అత్త పొయ్యి దగ్గర కూర్చుని పటపట నములుతోంది.

"ఏటత్తా తింటన్నావు?"

"పిక్కలే. బుర్రలో ఊరికే పడున్నాయని ఏపుకున్నాను. నీకూ రెండుంచాను, తిను."

"అయి నా కనికరాలు!" అని అరిచాను. గరిటె విసిరితే కుండకు తగిలి, కుండ పగిలింది. వలిసె చేనులో అన్న ఐదు మాటలూ ఈసారి మొహం మీదే అన్నాను. తరువాత ఏడుస్తూ సంగతంతా చెప్పాను. అత్త నమలడం ఆపలేదు.

"సంతలో ఉప్పులాగ ఓపాలే తెచ్చేసుకున్నావేటే గుంటా?"

"మరి నువ్వో?"

"నాను రోజుకి మూడుపాల్లు అడుగుతాను. నీలాటి కోడలు ఇంట్లో ఉంటే ఓపాలి సాల్దు."

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. "పెంకులేరు, కాల్లో దిగిపోతాయి" అని మాత్రం అంది. రోజూ పొద్దున్నే ఆమె గొణుక్కుంటుంటే నన్ను తిడుతోందనుకునేదాన్ని, ఏడాదిన్నరగా.

పెంకులేరుతూ లెక్క కట్టబోయాను. గరిటె ఒకటి, కుండ ఒకటి, మాటలు ఐదు, మొత్తం ఏడు. ఆ మాటలంటున్నప్పుడు కలిగిన సంతోషం కూడా పాపమేనా? అయితే ఒకటా, ఐదా? అక్కడ లెక్క తప్పింది. మిగిలిన రెండు పిక్కలూ నేనే తినేశాను. ఆ సాయంత్రం అంకె ఏమీ చెప్పకుండా మోకాళ్ళ మీద పడ్డాను. పొద్దున్న లేచేసరికి మళ్ళీ అవసరమొచ్చింది.

పన్నెండో నాడు అయ్యగారు వచ్చారు. ఊరంతా చూస్తోంది.

"రోజూ దేవుని కనికరం అడిగావా అమ్మా?"

అవునంటే సరిపోయేది. అనమని నా పెనిమిటి వెనక నుంచి తల ఊపుతూనే ఉన్నాడు.

"లేదయ్యా. యాభై ఒక్కసారే అడిగేశాను. ఇరవై ఎనిమిది అత్త తినేసింది."

అయ్యగారు అత్త వైపు తిరిగారు.

"ఔనయ్యా. ఏపుకుని" అంది అత్త.

నా ఏడాది పోయిందనుకున్నాను.

"తరువాత?" అన్నారు అయ్యగారు.

"తరువాత అత్తలాగే, రోజూ అడుగుతున్నానయ్యా. ఎన్ని తప్పులో లెక్క తెలీడం లేదు."

ఆయన కండువాతో చాలాసేపు మొహం తుడుచుకున్నారు. అది చెమట పట్టే రోజు కాదు. ప్రభువు ప్రార్థన చెప్పమని కూడా అడగకుండా లేచి గెడ్డ వైపు నడిచారు.

మాఘంలో మా గెడ్డ నీళ్ళు ఎముకలు కొరుకుతాయి. ముంచి లేపాక, పళ్ళు టకటక కొట్టుకుంటుండగా ఒడ్డు వైపు నడిచాను. అత్త పొడి బట్ట పట్టుకుని నిలబడి ఉంది.

"కొత్త కోకంతా తడిపీసినావు. పాతది కట్టుకోవల్సింది" అంది.

"నీళ్ళల్లో ముంచితే తడవదేటే, ముసలీ?" అన్నాను.

బాప్తిస్మం పొంది పది అడుగులు కాలేదు. మోకాళ్ళింకా నీళ్ళలోనే ఉన్నాయి. అక్కడే కళ్ళు మూసుకుని, అత్తకు వినపడకుండా కనికరం అడగడం మొదలుపెట్టాను. ఆమెకు వినపడింది.

"కాస్త గట్టిగా అడుగే గుంటా" అంది. "నానూ కలుత్తాను."