అడిగిందల్లా ఔనన్న శనివారం

ఇప్పుడు మూడేళ్ల పిల్ల చేతికి ఫోనిచ్చినా వేలితో తోసేసుకుంటూ పోతోంది గానీ, ఆ రోజుల్లో కంప్యూటరున్న గదిలోకి చెప్పులు విప్పి వెళ్లేవాళ్లం. దుమ్ము పడితే యంత్రం పాడైపోతుందని పైకి చెప్పేవారు, అసలు సంగతి మాత్రం భయం. అందరికన్నా ఎక్కువ భయం నాది. నాకు చదువు ముప్పై ఎనిమిదో ఏట వచ్చింది. కొల్లేటి లంకలో పుట్టి, సగం బతుకు నీళ్లలో నానిపోయి, ఆ తర్వాత రొయ్యల షెడ్డులో ఐసు మధ్య నిలబడి తలలు తీస్తూ (రొయ్యల తలలేనండీ, కంగారు పడకండి), సాయంత్రం బడికి పోయి అ ఆలు దిద్దుకున్నాను. అక్షరం వచ్చిన నాటినుంచి వయసు లెక్కేసుకుంటే, ఈ సంగతి జరిగేనాటికి నాకు సరిగ్గా మూడేళ్లు. కాబట్టి దీన్ని నా చిన్ననాటి ముచ్చటగానే చదువుకోండి.

తాడేపల్లిగూడెంలో మా చర్చి కాంపౌండులో ఒక పాత గదికి సున్నం కొట్టించి కంప్యూటర్ సెంటరు పెట్టారు. నడిపేది రిటైరైన లెక్కల మాస్టారు. నేర్పేది పొడుగు సారు (నిజంగానే పొడుగు, ఫ్యాను కింద నడిచేటప్పుడు తల ఒంచేవాడు). ఊడ్చేది, తుడిచేది, పిల్లల చెప్పులు వరసగా పెట్టేది ఆయమ్మ, అంటే నేను. చేరిన రోజే మాస్టారు గారు కళ్లజోడు పైనుంచి చూసి, "ఏమ్మా, ఆరు నెలలు నీ పని చూస్తాను. నచ్చితే ఉంటావు. యంత్రాల జోలికి మాత్రం వెళ్లకు" అన్నారు. ఈ సంగతి జరిగేనాటికి ఆ ఆరు నెలలు పూర్తికావడానికి ఇంకో వారం కూడా లేదు. నచ్చకపోతే మళ్లీ రొయ్యల షెడ్డే. పొద్దున ఐసులో పెట్టిన వేళ్లు సాయంత్రానికి నావో, పక్కదానివో తెలిసేవి కావు. అన్నం ముద్ద చేసుకోడానికి కూడా కాసేపు చేతులు రుద్దుకోవాల్సి వచ్చేది. ఆ పనికి తిరిగి పోకూడదని రోజూ ప్రార్థన చేసుకునేదాన్ని. ప్రార్థనతో పాటు గదిని కూడా రోజుకి మూడుసార్లు ఊడ్చేదాన్ని, ఎందుకైనా మంచిదని.

గదిలో ఆరు కంప్యూటర్లు. ఎవరో ఆఫీసువాళ్లు కొత్తవి కొనుక్కుని పాతవి మాకిచ్చారు. ఐదు పిల్లల ముందుండేవి, ఆరోది మూలనున్న పెద్ద పెట్టె. పెళ్లిలో వంటశాల లాంటిది ఆ పెట్టె. పిల్లలు చేసుకున్న పనంతా దాంట్లోనే దాగుతుంది, అది పలకకపోతే మిగిలిన ఐదూ ఖాళీ విస్తళ్లే. ఆ పాత యంత్రాల మీద సారు లినక్సు అనేది వేశాడు.

"అంటే ఏంటి సారూ?" అని ఒకరోజు తుడుస్తూ అడిగాను.

"యంత్రాన్ని నడిపించేదండీ ఆయమ్మగారూ. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో కలిసి రాసి, కావాల్సినవాళ్లు తీసుకోండి, నచ్చకపోతే విప్పి బాగుచేసుకోండి అని వదిలేశారు."

"ఊరికేనా?"

"ఊరికేనండీ."

"అయితే ఏదో తిరకాసు ఉండే ఉంటుంది," అన్నాను. (నా నోరంతే. మర్యాద నేర్చుకున్నాను గానీ నోటిని మార్చుకోలేకపోయాను.)

ఇంతలో సోమవారం ప్రాక్టికల్ పరీక్ష అన్నారు. ఏలూరు నుంచి పరీక్ష పెట్టే ఆయన వస్తాడు. ఆయన అడిగే కొత్త ప్రోగ్రాము మా పాత లినక్సు మీద నడవదు. దాన్ని కొత్తదానికి మార్చాలి, అప్‌గ్రేడ్ అంటారట. సారు స్నేహితుడెవరో హైదరాబాదు నుంచి పోస్టులో సీడీలు పంపాడు, ఒక్కోదాని మీద పెద్ద నంబరు వేసి. అవి శుక్రవారం సాయంత్రం చేతికొచ్చాయి. శనివారం పొద్దున పని మొదలుపెడితే మధ్యాహ్నం దాటుతుంది. అదే శనివారం పదకొండు గంటలకి గుండుగొలనులో సారుకి పెళ్లిచూపులు. పిల్లలకేమో చదువుకోమని సెలవిచ్చేశారు. మనిషి తెల్ల చొక్కా వేసుకుని, ఒక కన్ను గడియారం మీద, ఒక కన్ను పెట్టె మీద వేసి నిలబడ్డాడు. చివరికి ఆ రెండు కళ్లూ నా మీదకొచ్చాయి.

"ఆయమ్మగారూ, మీకు అంకెలొచ్చు కదండీ. ఇది ఏ నంబరు సీడీ అడిగితే ఆ సీడీ పెట్టి ఎంటర్ నొక్కండి. మధ్యలో ఇంకేదో అడుగుతుంది, దానికీ ఎంటరే. ఇంకే మీటా ముట్టుకోకండి."

"ఇంకేదో అంటే?"

"ఇక్కడ నేను చేసుకున్న పాత ఏర్పాట్లు ఉంచనా, కొత్తవి పెట్టేయనా అని. మీరు ఊరికే ఎంటర్ కొడితే పాతవే ఉంచుతుంది. అంతేనండీ."

"మాస్టారు గారికి తెలిస్తే నన్ను షెడ్డుకి పంపేస్తారు సారూ."

"నేను మూడింటికల్లా వచ్చేస్తాను కదండీ," అని ఆటో ఎక్కేశాడు.

నేను ఆ పెట్టె ముందు కుర్చీలో కూర్చోలేదు. కూర్చోడానికి ధైర్యం చాల్లేదు. చీపురు పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, నిలబడే చూశాను. చూరు నీళ్లు కారినట్టు తెల్లటి అక్షరాలు గబగబా కిందనుంచి పైకి పోతున్నాయి. (నీళ్లు పైకి పోవు, నాకు తెలుసు. ఇవి పోయాయి.) రెండో నంబరు సీడీ అడిగింది, పెట్టాను. మూడోది అడిగింది, పెట్టాను. మా ఇంటిల్లిపాదీ వచ్చి చూస్తే బాగుండుననిపించింది. అప్పుడు అక్షరాలు ఆగిపోయాయి. చివర కొక్కెం లాంటి గుర్తు కనబడింది. అది ప్రశ్న గుర్తని సాయంత్రం బడిలో పంతులమ్మ నేర్పింది. దానికి ముందు బ్రాకెట్లో వై, ఎన్ ఉన్నాయి. వై అంటే ఔను, ఎన్ అంటే కాదు, ఇది పిల్లలు ఆడుతూ పాడుతూ నేర్పిన విద్య. సారు చెప్పినట్టే మొదటిసారి మారుమాట్లాడకుండా ఎంటర్ కొట్టాను.

కొట్టాక మనసు మనసులో లేదు. మా కొల్లేటి వైపు ఎవరైనా గిన్నె పట్టుకుని "కాస్త పెట్టనాండీ" అని అడిగితే, పలక్కుండా మొహం తిప్పుకోవడం కంటే పెద్ద అవమానం లేదు. వద్దనాలన్నా నాలుగుసార్లు బతిమాలించుకుని, ఐదోసారికి కొంచెం పెట్టించుకోవాలి. అలాంటిది, మొహం తెలియని జనం మనకోసం ఊరికే రాసి పంపించి, "కొత్తది పెట్టమంటారా" అని ఆగి మరీ అడుగుతుంటే, మూగిదానిలా ఎంటర్ కొట్టి పంపేయడమా! రెండోసారి కొక్కెం గుర్తు రాగానే, "పెట్టండి బాబూ, పెట్టండి" అని పైకే అని వై నొక్కి, ఎంటర్ కొట్టాను. యంత్రం ఆనందంగా ముందుకు పోయింది (నాకలాగే అనిపించింది). ఇక అక్కణ్ణుంచి అడిగిన ప్రతిసారీ వై. పదకొండుసార్లు.

ఇంకో పని కూడా చేశాను. కనబడ్డ అక్షరమల్లా రాయండని పంతులమ్మ చెప్పినప్పటినుంచి బస్సు బోర్డులూ, సబ్బు కాగితాలూ చూసి రాసుకోవడం నాకలవాటు. పరిగెత్తే అక్షరాలు నాకందవు. ఆగినవి ఈ ప్రశ్నలే. అందుకని ప్రశ్న వచ్చినప్పుడల్లా రఫ్ పుస్తకం తీసి, ఆ వరసలో ఉన్నది ఉన్నట్టు, గీతల్నీ చుక్కల్నీ కూడా వదలకుండా, ముగ్గు దించుకున్నట్టు దించుకుని, పక్కన నా జవాబు రాశాను. ఒక్కో ప్రశ్నకి పావుగంట పట్టేది. యంత్రం పాపం ఓపిగ్గానే ఉంది.

మూడింటికి సారు వచ్చాడు. వచ్చిన మొహం అప్పటికే బాగాలేదు. పెట్టెని ఆపి మళ్లీ పెట్టాడు. నల్ల తెర మీద నాలుగు తెల్ల ముక్కలు వచ్చి నిలిచిపోయాయి. పిల్లల యంత్రాలు ఐదూ ఒక్కొక్కటిగా పెట్టి చూశాడు. ఒక్కటీ లోపలికి రానివ్వలేదు.

"ఎంటరే కొట్టారు కదండీ ఆయమ్మగారూ?"

"కొట్టానండీ. వై నొక్కి కొట్టాను."

"వై ఎందుకండీ!"

"అంత మర్యాదగా అడిగితే వద్దని ఎలా అంటామండీ?"

సారు ఆ పొడుగంతా మడిచి కుర్చీలో కూలబడ్డాడు. ఆయన ఏడాదిగా ఒక్కొక్కటిగా అమర్చుకున్న ఏర్పాట్లన్నీ తీసేసి, కొత్తవి పెట్టేయించాను నేను. ఏవేవి మారాయో తెలిస్తే తప్ప వేల ఫైళ్లలో వెతుక్కోవాలి. సరిగ్గా అప్పుడే గుమ్మంలో మాస్టారు గారి కర్ర చప్పుడైంది.

"ఏమైందోయ్? పరీక్షకి సిద్ధమేనా?"

"చిన్న ఇబ్బందండీ మాస్టారూ. నేనే సరిగ్గా చెప్పలేదు..." అని సారు నసిగాడు.

నా తప్పు తన మీద వేసుకుంటుంటే నాకు ఒళ్లు మండింది. "సరిగ్గానే చెప్పారండీ. నేనే వినలేదు. నొక్కింది నేనేనండీ," అన్నాను. అనేసిన తర్వాత వేళ్లు చల్లబడ్డాయి. మాస్టారు గారు నన్నూ, పెట్టెనీ, సారునీ ఒక చుట్టు చూశారు. "ఏం నొక్కావమ్మా? కాస్తయినా గుర్తుందా?" అని మాత్రం అడిగారు.

"గుర్తెందుకండీ, రాసుకున్నాను కదా," అని రఫ్ పుస్తకం ఇచ్చాను.

సారు ఒక పేజీ తిప్పాడు, ఇంకో పేజీ తిప్పాడు. లేచి నిలబడ్డాడు, తల ఫ్యానుకి తగల్లేదంటే దేవుడి దయ. "ఆయమ్మగారూ, ఇవి ఫైళ్ల పేర్లండీ! వై కొట్టిన పదకొండూ వరసగా ఉన్నాయి! మీరు దేవతండీ!"

"ఆ మాట చర్చి కాంపౌండులో అనకండి, పాస్టరు గారు వింటారు."

సంగతేమిటంటే, ఆ లినక్సు రాసిన మహానుభావులకి నాలాంటివాళ్లుంటారని ముందే తెలుసట. కొత్తది పెట్టినప్పుడు పాతదాన్ని పారేయకుండా, పేరు చివర ఒక తోక తగిలించి పక్కన దాచి ఉంచారు. ఏది మారిందో తెలిస్తే చాలు, తోక కత్తిరించి వెనక్కి తెచ్చుకోవడమే. నేను పుస్తకం చూసి ఒక్కో అక్షరం చదువుతుంటే సారు కొడుతున్నాడు. మాస్టారు గారు వద్దనకుండా బెంచీ మీద కూర్చుని వింటున్నారు. ఆరు ఫైళ్లు అయ్యాక ఊపిరాడి, "అక్కడేమైంది సారూ?" అని అడిగాను.

"పిల్ల బాగుందండీ. చాలా బాగుంది. వాళ్లే ఏదో ముభావంగా అయిపోయారు."

"ఏం పెట్టారు?"

"పూతరేకులు, జంతికలు, కాఫీ. ఇంకోటి వేసుకోండన్నారు, చాలన్నాను. కాఫీ ఇంకాస్తన్నారు, వద్దన్నాను. పిల్లతో ఏమైనా మాట్లాడతారా అన్నారు, అక్కర్లేదన్నాను. మొహమాటమండీ."

"అదీ సంగతి. నచ్చలేదనుకుని ఉంటారు. వై నొక్కాల్సిన చోట మీరు ఎంటర్ కొట్టారు, ఎంటర్ కొట్టాల్సిన చోట నేను వై నొక్కాను. మనిద్దరికీ ఇవాళ తావులు తారుమారయ్యాయి. రేపు ఆరాధన కాగానే మాస్టారు గారిని తీసుకుని మళ్లీ వెళ్లండి. ఏం పెట్టినా తినండి."

మాస్టారు గారు అంతగా నవ్వడం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, "ముందు ఆ మిగతా ఐదూ చదవమ్మా," అన్నారు. పదకొండోది అయ్యాక సారు పెట్టెని మళ్లీ పెట్టాడు. ఐదు తెరలూ ఒకదాని వెనక ఒకటి వెలిగాయి. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, కొట్టాను కూడా. ఆదివారం వాళ్లిద్దరూ గుండుగొలను వెళ్లి, కడుపు పట్టుకుని తిరిగొచ్చారు. రెండు నెలల్లో పెళ్లయింది.

సోమవారం పొద్దున ఏలూరు ఆయన వచ్చాడు, పెంటపాడు పిల్లలూ ఊళ్లో పిల్లలూ చెప్పులు విప్పి లోపలికొచ్చారు. నేను చీపురు పట్టుకుని బయటికి పోబోతుంటే మాస్టారు గారు పిలిచారు. "ఎక్కడికమ్మా? పరీక్ష అయ్యేదాకా ఆ పెట్టె దగ్గర కూర్చో. అదేమైనా అడిగితే రాసుకో, సారుని పిలు. నీ అంతట నువ్వు ఔననకు."

"అలాగేనండీ. మరి నా ఆరు నెలలు...?"

"అయిపోయాయిలే. కూర్చో."

అలా మొదటిసారి ఆ గదిలో కుర్చీలో కూర్చున్నాను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆనాటి ఆయమ్మ నాకు కళ్లకు కట్టినట్టు కనబడుతుంది: ఉతికిన చీర కట్టుకుని, కుర్చీ అంచున బిగుసుకుని, కొత్త పెన్ను మూత తీసి పట్టుకుని, తెరకేసి రెప్ప వేయకుండా చూస్తున్న నలభై ఒక్కేళ్ల మనిషి. పిల్లలు టకటకా కొడుతున్నారు, ఏలూరు ఆయన మార్కులు వేసుకుంటున్నాడు, అన్నీ చక్కగా నడుస్తున్నాయి. ఆ పెట్టె మాత్రం సాయంత్రం దాకా ఆవిణ్ణి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పరీక్ష బాగా జరిగిందని అందరూ సంతోషిస్తుంటే, ఆవిడ తెల్ల పేజీ వంక చూసుకుని, పెన్ను మూత పెట్టేస్తూ, కాస్త చిన్నబుచ్చుకుంది.